మిస్సీ వద్దన్నారు

ఒంగోలుకు పడమట ఒక పల్లె. పత్తి తీతలు అయిపోయాయి. బుడే వసారాలో కూచుని విల్లుతో దూది ఏకుతున్నాడు. చీరాల నుంచి వచ్చిన అతని అక్క సర్దార్‌బీ గడపలో మేనకోడలు షాజాదీని కూచోబెట్టుకుంది. పిల్ల పెళ్ళి వేసవిలో.

"నోరు తెరువే. ఇంకా. ఇంకా తెరువు."

"మంట అత్తా!"

"మండుద్ది మరి. ఇటికపొడి, ఉప్పు, నిమ్మరసం. మండకపోతే గార ఎట్టా వదులుద్ది? పుక్కిలించు. ఏదీ, వెలుతురుకి తిరుగు."

"పోయిందా?"

"చిగుళ్ళు పోయినయ్. గార మాత్రం అట్టాగే ఉంది."

"మొన్న బొగ్గు. నిన్న వేపపుల్ల పెట్టి అరగదీశావు. అది లోపల్నుంచి వచ్చిందత్తా, పైన తోమితే పోదు. సూదిమందుకొచ్చిన కాంపౌండరు చెప్పాడు. చిన్నప్పట్నుంచీ ఈ బావి నీళ్ళు తాగితే ఇంతేనంట."

"కాంపౌండరుకేం తెలుసు? ఈ నెల పళ్ళు. వచ్చే నెల ఒళ్ళు, నలుగు పెట్టి రుద్దుతా, తోలు ఊడి రావాలి. ఆ పై నెల జుట్టు. గోరింటాకు ఆఖరున."

"నన్ను పెళ్ళికి తయారుచేస్తున్నావా, గోడకి సున్నం కొడుతున్నావా?"

"నోరుంది నీకు. పళ్ళే లేవు."

"అక్కా, గొంతు తగ్గించు. బజార్న జనం పోతున్నారు."

"పోనీరా బుడే! ఈ ఊళ్ళో సిగ్గుపడటానికి ఎవరికున్నయ్ తెల్లటి పళ్ళు? కరణానికి గారే. ముల్లాకి గారే. నీకొక్కడికే తెల్లవి. అదైనా మన చీరాల నీళ్ళు తాగి పెరిగి, ఇక్కడికి ఇల్లరికం వచ్చావు కాబట్టి."

"నాకేం, నేను వచ్చినవాణ్ణి. ఇది చీరాల పోయేది. అక్కడ అందరికీ తెల్లవే."

"ఆ సంగతి నాకు తెలీదా? సంబంధం తెచ్చింది నేనేగా. పెళ్ళిచూపులకి ఆడాళ్ళొస్తే, దీని నోట్లో తాంబూలం కుక్కి కూచోబెట్టింది నేనేగా. ఆ ఎరుపు చూసి పెళ్ళికొడుకు హయాత్ తల్లి ఎంత మురిసిందనీ! 'నోరు బాగా పండింది, మొగుడంటే ప్రేమగా ఉంటుంది' అంది."

"తాంబూలం ఒక్కపూటకి. తర్వాతో?"

"తర్వాత మిస్సీ. పెళ్ళికూతురి పళ్ళకి మిస్సీ పెట్టడం మనలో ఉన్నదేగా? గుంటూరు నుంచి మంచి నల్లపొడి తెప్పిస్తా. పట్టిస్తే పలువరస నేరేడుపళ్ళలాగా నిగనిగలాడుద్ది. కింద గారుందో బంగారముందో ఎవడు చూడొచ్చాడు?"

"జల్వాలో అద్దం పెడతారు."

"పెట్టనీ. నికా అయ్యాక ఇద్దరి మీదా కొంగు కప్పుతారు, మధ్యలో అద్దం పెడతారు, వాడు మొదటిసారి దీని మొహం అందులో చూస్తాడు. నల్లటి పలువరస కనపడుద్ది. మా రోజుల్లో అదే అందం."

"నాకు మిస్సీ వద్దత్తా. నోట్లో చల్లారిన కుంపటి పెట్టుకున్నట్టుంటుంది."

"నిన్నెవరడిగారే? నాయన్ని అడుగు."

"నాయనా, మిస్సీ పెట్టుకుంటే బాగుంటానా?"

"అక్కా, దాన్ని నవ్వమను."

"అదేందిరా? ఎదురుగా ఉంటే నాతో చెప్తావు? నువ్వే అను."

"నవ్వమను. పెదాలు మూసి. అద్దంలో ఎట్టా నవ్వాలో ఇప్పట్నుంచే అలవాటు కావాలి."

"నవ్వు షాజా. ఊఁ, అట్టా. పై పెదవి కిందికి లాక్కో. మరీ అంత కాదే, ఆముదం తాగినట్టుంది. ఆఁ, ఇప్పుడు బాగుంది. ఒరే, చూడరా, ఎంత ముద్దుగా ఉందో."

"పళ్ళు కనపడుతున్నయ్యా?"

"చూసేవాడివి నువ్వుండగా నన్నడుగుతావేందిరా? తలెత్తు!"

"కనపడుతున్నయ్యా, లేదా?"

"లేదు."

"రోజూ చేయించు."

"నవ్వు వచ్చినప్పుడు వస్తుందిగానీ, ఇట్టా రోజూ..."

"మీ అమ్మకి తెలుసు. ఏనాడూ పన్ను కనపడనియ్యలా."

"అమ్మ నవ్వడమే నేను చూళ్ళేదు నాయనా."

"అదే చెప్తున్నా."

మిరపకోతలు మొదలయ్యాయి. మేనత్తా మేనకోడలూ చీరాల వెళ్ళి పెళ్ళిచీర తెచ్చుకున్నారు. బుడే విల్లు దించలేదు.

"చీర చూడవేందిరా? గులాబీరంగు. మగ్గం మీంచి దిగి ఇంకా ఎండ మొహం చూళ్ళా."

"చూశాలే. అక్కడ పెట్టు."

"ఎప్పుడు చూశావు? ఏకుతానే ఉన్నావు. హయాత్ పనిచేసే కొట్లోనే తీసుకున్నాం. నూలు తేవడానికి పోయాడంట, కొట్లో లేడు. నేను అరుగు మీద వాళ్ళమ్మతో మాటల్లో పడ్డా. ఇది లోపల చీరల గుట్టలో. ఒకటే ఇకఇకలు!"

"ఇకఇకలేంటి?"

"పిల్లికూన నాయనా. జరీచీరలో దూరి బయటికి రాలేక, చీరతో సహా నడిచిపోతోంది. చూస్తే..."

"పళ్ళు బయటపెట్టి నవ్వావా?"

"చెయ్యి అడ్డం పెట్టుకున్నా."

"పిల్లని కాస్త ఊపిరి పీల్చుకోనీరా. అది కాదుగానీ, ఒక మాట. బస్సెక్కేటప్పుడు హయాత్ తల్లి పరిగెత్తుకుంటా వచ్చింది."

"ఏమంది?"

"మిస్సీ వద్దంది."

"ఏం?"

"వద్దంది. ఇప్పుడెవరూ పెట్టట్లేదంట. పిల్ల నోరు పిల్ల నోరులాగే ఉండనివ్వండి అంది. జల్వా అయ్యాక ఫోటో తీయిస్తారంట. ఇద్దరూ నవ్వుతా కూచోవాలంట."

"తెలిసిపోయింది."

"ఎట్టా తెలుస్తుందిరా?"

"తెలిసిపోయింది. పడమటి ఊళ్ళ సంగతి ఎవడో ఊదాడు. ఉన్నదున్నట్టు చూడాలని ఎత్తు వేశారు. లేకపోతే ఎప్పట్నుంచో ఉన్న మిస్సీ ఇవాళ వద్దనడమేంటి?"

"నాయనా, వాళ్ళు అందుకు అని ఉండరు. ఒక మాట చెప్పనా..."

"నువ్వాగు."

"ఒక్క మాట నాయనా, కొట్లో..."

"అక్కా, దాన్నాగమను! ఒంగోల్లో పళ్ళ డాక్టరున్నాడు. పీకి కట్టుడుపళ్ళు పెడతాడు. పొగాకు కంపెనీ గుమాస్తాకి పెట్టాడు, నేను చూశా. మల్లెమొగ్గల్లాగా ఉన్నయ్."

"మతి పోయిందా నీకు? పుచ్చు లేదు, కదలిక లేదు. ఇనుపగుళ్ళలాంటి పళ్ళురా! పడుచుపిల్లకి బోసినోరు చేస్తావా?"

"పైవరస. ముందువి. మిగతావి ఎవడు చూస్తాడు?"

"నేను చీరాల పోయి ఉన్నమాట చెప్పేస్తా. ఇష్టమైతే చేసుకుంటారు, లేకపోతే మానుకుంటారు."

"నువ్వు నోరెత్తడానికి వీల్లేదు. మానుకుంటే మళ్ళీ ఎవడొస్తాడు? మానుకోకపోతే ఇంకా దరిద్రం. సరేనంటాడు, జల్వా రోజున అద్దంలో చూస్తాడు. చూసినవాడు..."

"చూసినవాడు? ఆగావేం? చూసినవాడు ఏం చేస్తాడు బుడే? పిల్ల వింటోంది, చెప్పు. నువ్వు చేసిందే చేస్తాడనా?"

"అక్కా!"

"నాయన ఏం చేశాడత్తా?"

"నువ్వు లోపలికి పో."

"పోను. అత్తా, ఏం చేశాడు?"

"మీ అమ్మకి మిస్సీ పెట్టారే. ఆ వాసన పడక వాంతి చేసుకుంది, కడిగేశారు. జల్వాలో అద్దం పెట్టారు. పళ్ళ సంగతి తెలీక నేనూ పక్కన చేరి, 'నవ్వు కరీమున్, మా తమ్ముడు చూస్తున్నాడు, నవ్వు' అని ఒకటే పోరు. నవ్వింది. పిచ్చిది, నోరారా నవ్వింది. మీ నాయన అద్దం బోర్లించాడు."

"అందరి ముందా?"

"అందరి ముందే. బోర్లించి లేచిపోయాడు."

"మళ్ళీ వచ్చానుగా! కాపురం చేశానుగా! తిండికి లోటు చేశానా? గుడ్డకి లోటు చేశానా?"

"మొహం చూశావా? మంచినీళ్ళిచ్చినా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఇచ్చేది. పోయినప్పుడు నేనేగా స్నానం చేయించింది. ఆ కొంగు ఆ రోజే తీశాంరా బుడే, మేము."

"నన్ను మోసం చేశారు. ఊరు ఊరంతటికీ తెలుసు, నాకొక్కడికే తెలీదు. చీరాల నుంచి వచ్చిన వెర్రివాడికి అంటగట్టి పొట్టచెక్కలయ్యేట్టు నవ్వుకున్నారు. నేను మర్చిపోను."

"ఆమె మట్టిలో కలిసిపోయిందిరా."

"కలిసినా మర్చిపోను."

"నాయనా."

"ఏంటి?"

"నా పళ్ళు అమ్మవిలాగే ఉంటాయా?"

"అచ్చం."

"అయితే పీకించు."

"షాజా! నీకేం పట్టిందే? ఇందాక ఏదో చెప్పబోయావు, అదేదో చెప్పు!"

"ఏం లేదత్తా. పీకించు నాయనా. ఒంగోలు ఎప్పుడు పోదాం?"

ఒంగోలు. పళ్ళ డాక్టరు గది. వెనక్కి వాల్చే కుర్చీ ఒకటే. అందులో షాజాదీ ఉంది. సర్దార్‌బీ చీరాల వెళ్ళి ఉంది.

"గట్టి పళ్ళయ్యా ఇవి. రంగు బాగాలేదుగానీ, ముసలిదయ్యేదాకా పప్పుచెక్కలు కొరుక్కోవచ్చు. పీకడమెందుకు?"

"పెళ్ళండి."

"పెళ్ళికి నగలు పెడతారుగానీ పళ్ళు పీకుతారా?"

"మీరు పీకండి డాక్టరుగారూ. పీకి తెల్లవి పెట్టండి."

"పీకితే వెంటనే పెట్టడానికి కాదు. చిగుళ్ళు ఆరాలి. మూడు నెలలు ఆగి కొలత తీసుకోవాలి. అప్పటిదాకా బోసినోరే. ఏమ్మా, నీకిష్టమేనా? మీ నాయన బలవంతమా?"

"ఇష్టమేనండి."

"తర్వాత ఏడిస్తే మళ్ళీ మొలవవు."

"ఏడవనండి."

"సరే. ఏమయ్యా పెద్దమనిషీ, నువ్వు అవతల బల్ల మీద కూచో. నెత్తురు చూసి పడిపోతే నిన్ను లేపడం ఇంకో పని నాకు."

"వద్దండి. నాయన్ని ఉండనివ్వండి."

"చూళ్ళేడమ్మా."

"చూస్తాడండి. నాయనా, అటెళ్ళకు. ఇక్కడే ఉండు. చూస్తా ఉండు."

బస్సు దిగిన చోటి నుంచి ఊరికి, ఎండుమిరపకాయలు ఆరబోసిన కల్లాల మధ్య నుంచి నడవాలి. షాజాదీ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

"నెప్పిగా ఉందా?"

"ఊఁ."

"గుడ్డ గట్టిగా పట్టుకో. ఈ ఘాటు పుండుకి తగిలితే చచ్చిపోతావు. దూది తడిసిందా? ఏదీ, ఉమ్మెయ్. థూ, ఇది దూదా? తొక్కి కట్టిన పిప్పి. అంత పెద్ద డాక్టరు, దూది కొనడం రాదు. ఇదుగో, దీన్ని కొరుకు. మెల్లిగా."

"ఇదెక్కడిది?"

"నేనే ఏకి తెచ్చా, నీకని. మెత్తగా ఉందా?"

"మెత్తగా ఉంది."

"కళ్ళెమ్మట నీళ్ళు కారుతున్నయ్."

"మిరపకాయలకి."

"ఊఁ. నాకూ కారుతున్నయ్. ఈ తుమ్మ నీడన కాసేపు కూచుందామా?"

"వద్దు, నడుద్దాం. నాయనా."

"ఏం తల్లీ?"

"పొద్దుట్నుంచీ నా వంక చూసే మాట్లాడుతున్నావు."

"ఏం, రోజూ చూడనా?"

"చూడవు. విల్లు వంక చూస్తావు. గోడ వంక చూస్తావు. అత్త ఉంటే 'దానికి చెప్పు' అంటావు. అత్త లేకపోతే ఎవరికీ చెప్పనట్టు గాల్లోకి చెప్తావు."

"ఏదో పన్లో ఉంటాను..."

"ఊఁ. పన్లో ఉంటావు."

"ఎక్కువ మాట్లాడకు, నెత్తురొస్తుంది. ఆ పొగాకు గుమాస్తా పీకేటప్పుడు బజారంతా వినపడేట్టు అరిచాడంట, డాక్టరు చెప్పాడు. నువ్వు కిక్కురుమన్లా."

"నువ్వు చూస్తున్నావుగా."

"ఏంటి?"

"ఏం లేదు."

"మూడు నెలలు జావ, మెత్తటన్నం. నేను కలిపి పెడతాలే."

"నువ్వా?"

"ఏం, నాకు రాదనుకున్నావా? మీ అమ్మ పోయాక ఎవరు పెట్టారు నీకు?"

"కంచం ఇటు తోసి అటు తిరిగి తినేవాడివి."

"ఇకనుంచి ఎదురుగా కూచుని పెడతా. ఏదీ, ఆగు. గుడ్డ తియ్యి. నెత్తురు ఆగిందో లేదో చూస్తా."

"చూస్తావా?"

"తియ్యమంటుంటే. నోరు తెరువు. ఊఁ. ఆగింది. ఆగింది తల్లీ."

ఇంటి ముందు అరుగు మీద సర్దార్‌బీ కూచుని ఉంది. పక్కన చీరాల సంచి.

"ఎక్కడికి చచ్చారే ఇద్దరూ? పొద్దున్నుంచీ తాళానికి కాపలా కాస్తున్నా."

"నువ్వెప్పుడొచ్చావక్కా? కబురైనా చెయ్యలా."

"కబురే తెచ్చా. తిట్టుకుంటే తిట్టుకో. నువ్వు వద్దన్న పనే చేశా. నిన్న హయాత్ ఇంటికి పోయి ఉన్నమాట కక్కేశా. పిల్లవి గారపళ్ళు, తాంబూలం పెట్టి దాచింది నేను, తప్పు నాది అని వాళ్ళమ్మ చేతులు పట్టుకున్నా."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? ఎవరడిగారు?"

"విను ముందు! వాళ్ళమ్మ కొయ్యబారిపోయింది. హయాత్ మాత్రం నవ్వాడురా. 'నాకు తెలుసు పెద్దమ్మా' అన్నాడు. మనం చీర కొన్న రోజున నూలు మోసుకుని పెరటి తలుపు నుంచి కొట్లోకి వచ్చాడంట. ఇది ఆ పిల్లికూనని చూసి, చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి నవ్వుతోందంట. 'అట్టాంటి నవ్వుకి నల్లపొడి పులుముతారా? వద్దని మా అమ్మచేత నేనే చెప్పించా. అద్దంలో నాకు ఆ నవ్వే కావాలి' అన్నాడురా బుడే! మిస్సీ వద్దన్నది అందుకంట! మనమేమో... ఏంట్రా, అట్టా నిలబడిపోయావు? షాజా, నోటికి ఆ గుడ్డేంటే?"

"ఏం లేదత్తా."

"తియ్యి. తియ్యవే! అయ్యో. అయ్యో నా తల్లో. అల్లా! ఏం చేశావురా, ఏం చేశావురా దుర్మార్గుడా!"

"నాకు తెలీదక్కా. అతను చూశాడని నాకు తెలీదు. దానికీ తెలీదు. షాజా, చెప్పు అత్తకి. అతను చూడటం నువ్వు చూళ్ళేదుగా?"

"చూశా నాయనా. ఎదురుగానే నిలబడ్డాడు. 'నేనే హయాత్‌ని' అన్నాడు. నోరు మూసుకున్నా. 'ఆపొద్దు' అన్నాడు."

"మరి చెప్పొద్దూ! ఆ రోజే ఒక్క మాట చెప్తే నేను..."

"చెప్పబోయా నాయనా. అంతలో అమ్మ సంగతి విన్నా."

"వింటే? వింటే ఏంటే? చేసుకునేవాడికి నచ్చినయ్యిగా! ఇంకెవరి కోసం పీకించుకున్నావే మా తల్లీ?"

"పెళ్ళి కోసం కాదత్తా. పెళ్ళయితే ఎట్టాగూ పోతాగా. పోయేలోపల ఈ మూడు నెలలన్నా నాయన నా మొహం చూసి మాట్లాడతాడని."